పిల్లవాని ఆట – మన పాఠము

(వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)

 

కార్యదర్శి గారు నన్ను "తాలీమ్ – మన బాధ్యత" అనే విషయము మీద మాట్లాడమన్నారు. ఏటేటా ఈ వేదిక మీద ఈ విషయమే మాట్లాడుకొంటున్నాము. మార్కులు తెచ్చుకొన్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము, అది మంచిదే. కాని బహుమతి జాబితాలో ఎన్నడూ పేరు రాని పిల్లలు కొందరున్నారు. ఈ సభకు కూడా వాళ్ళను తీసుకొని రారు. "గడబిడ చేస్తడు, నలుగురిలో పరువు పోతది" అని ఒక అమ్మ ఆ పిల్లవానితో ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ రోజు కూడా ఏదో ఒక క్వార్టరులో అట్లా ఉండిపోయిన అమ్మ ఉంటుంది. ఆ పిల్లల గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటాను. నేను డాక్టరును కాను, పండితుడను కాను. తప్పు చేసి నేర్చుకొన్న ఒక పంతులును మాత్రమే.

ముందు నా తప్పే చెప్పుతాను. కొన్నేండ్ల క్రిందట ఒక గని కార్మికుడు తన ఆరేండ్ల కొడుకును మా బడిలో చేర్పించినాడు. ఆ పిల్లవాడు పిలిస్తే పలుకడు, కండ్లలోకి చూడడు. బడి గంట కొట్టగానే చెవులు మూసుకొని బల్ల క్రిందికి దూరేవాడు. జేబు నిండా సోడా సీసాల మూతలు పెట్టుకొని వచ్చి, వాటిని గోడ వెంబడి వరుసగా పేర్చుకొంటూ కూర్చొనేవాడు. నేనేదైనా అడిగితే "చాయ్ పీతే క్యా?" అనేవాడు. క్లాసంతా నవ్వేది. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకొన్నాను. ఒకనాడు కోపం వచ్చి ఆ మూతలన్నీ తీసి అల్మారాలో పెట్టి తాళం వేసినాను. ఆ పిల్లవాడు ఏడ్చిన ఏడ్పు నాకు ఇప్పటికీ చెవులలో ఉన్నది. తల గోడకు కొట్టుకొన్నాడు.

మరునాడు తండ్రిని పిలిపించినాను. "భాయి, ఇంకో రెండేండ్లు ఇంట్ల ఉంచుండ్రి. జర సమజైనంక తోల్కరాండ్రి" అన్నాను. ఆయన కాసేపు తల వంచుకొని నిలబడి, "మాస్టర్ సాబ్, మీరే వద్దంటే వీడు ఏడికి పోతడు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. పిల్లవాని చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయినాడు. రెండేండ్లు ఆ పిల్లవాడు ఇంట్లోనే ఉన్నాడు. ఆ రెండేండ్లు వానికి ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

సోదరులారా, దీనిని ఆటిజం అంటారు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లలను పరీక్షించి, ఈ లక్షణములను వివరంగా వ్రాసినాడు. మరుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే వైద్యుడు ఇటువంటి పిల్లలను గురించే వ్రాసినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమంతటా సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. కనుక ఇది ఎక్కడో దూర దేశపు మాట కాదు. మన మొహల్లాలో కూడా ఉన్నది. దానికి పేరు తెలియక మనము "మొండోడు", "పాగల్" అని ఏవో పేర్లు పెట్టినాము.

తరువాత జరిగిన ఒక అన్యాయము కూడా చెప్పాలి. చాలా ఏండ్లు పెద్ద పెద్ద డాక్టర్లే "తల్లి ప్రేమ చూపకపోవుట వలన పిల్లవాడు ఇట్లా అయినాడు" అన్నారు. 1967లో చికాగోలో బ్రూనో బెట్టెల్‌హైమ్ అనే ఆయన దీని మీద పెద్ద పుస్తకమే వ్రాసినాడు. అంతకు ముందే, 1964లో, ఆటిజం గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదము తప్పని పుస్తకము వ్రాసినాడు. 1977లో ఇంగ్లండులో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే ఇద్దరు పరిశోధకులు కవలలను పరీక్షించినారు. ఒకే పోలికగల 11 జతలలో 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేరు పోలికగల 10 జతల్లో ఒక్క జతలో కూడా ఇద్దరికీ లేదు. అంటే ఇది పెంపకపు దోషము కాదు, పుట్టుకతో వచ్చే మెదడు తీరు అన్నమాట. ఇంత తెలిసిన తరువాత కూడా మన ఇండ్లలో అత్తగారు కోడలినే అంటున్నది. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినవు, టీవీ చూసినవు" అని. అమ్మలారా, ఇది మీ తప్పు కాదు. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకొని పోయినా నా ప్రసంగము ఫలించినట్లే.

సూదుల వలన వస్తుందని కూడా కొందరు అంటారు. 1998లో లండనులో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 12 మంది పిల్లలను చూపి ఇటువంటి మాట పుట్టించినాడు. అది నిలువలేదు. 2010లో ఆ వైద్య పత్రికే వ్యాసమును రద్దు చేసింది, ఆ డాక్టరు పేరును కూడా అక్కడి వైద్యుల పట్టికలో నుండి తొలగించినారు. కాబట్టి ఆ భయముతో పిల్లలకు టీకాలు మానిపించకండి. గాలి సోకిందని పొగలు పెట్టి, కట్టి, కొట్టి పిల్లవానిని బాధ పెట్టకండి. దువా చేయండి, దానికి అడ్డులేదు. దువా చేసిన తరువాత పిల్లవాని చెయ్యి పట్టుకొని బడికి తీసుకొని రండి.

ఇక ఆ పిల్లవాని కథకు వస్తాను. రెండేండ్ల తరువాత భవిత కేంద్రంలో పని చేసే ఒక రిసోర్సు టీచరమ్మ వానిని వెంటబెట్టుకొని మా బడికి వచ్చింది. నాకు సిగ్గనిపించింది. "అమ్మా, వీనికి ఏం చెప్పాలి?" అని అడిగితే ఆమె, "సార్, మొదలు ఏం చెప్పకండి. వీడు ఏం ఆడుతున్నడో చూడండి. మీ ఆటలోకి వానిని గుంజకండి, వాని ఆటలోకి మీరు పోండి" అన్నది. ఇరువై ఏండ్ల ఉద్యోగంలో నాకెవరూ అట్లా చెప్పలేదు.

వారం రోజులు చూసినాను. మూతలు ఊరికే పేర్చడం లేదు. ఎర్రవి ఒక దిక్కు, పచ్చవి ఒక దిక్కు. వరుస ఎప్పుడూ కుడి నుండి ఎడమకే పోతున్నది, మన ఉర్దూ వ్రాత పోయినట్లు. ఎనిమిదో రోజున నేను కూడా కింద కూర్చొని, ఒక్క మాట మాట్లాడకుండా, వరుస చివర ఒక మూత పెట్టినాను. వాడు దానిని చూసినాడు. వ్రేలితో కొద్దిగా జరిపి సరిచేసినాడు. తరువాత ఒక మూత వాడు పెట్టినాడు, ఆగినాడు. నా వంతు అన్నమాట! నేను పెట్టినాను. అరగంట సేపు మేమిద్దరం ఆడుకొన్నాము. గోళీలాటలో, చిర్రగోనెలో పిల్లలు నేర్చుకొనేది ఇదే కదా, నీ వంతు, నా వంతు.

అప్పుడు నాలోని పంతులు ఊరుకోలేదు. మరునాడు ఆ మూతల మీద అలిఫ్, బే, పే అని అక్షరములు వ్రాసి తెచ్చినాను. పిల్లవాడు వాటిని చూసి లేచిపోయినాడు. మూడు రోజులు నా దగ్గరకు రాలేదు. ఎందుకో ఆలోచిస్తే తెలిసింది. వానికి అది ఆట. నేను దానిని ఎరగా చేసినాను. మనకు సంతోషమైన పనిలో ఎవడో వచ్చి లెక్కలు వ్రాసుకొంటే మనమైనా లేచిపోమా? రంగు మూతలు తిరిగి తెచ్చి క్షమాపణ చెప్పుకొన్నట్లు ముందర పెట్టినాను. చాలా రోజుల తరువాత అక్షరమున్న మూతను వాడే అల్మారా నుండి తీసి నా చేతిలో పెట్టినాడు. అప్పుడు చదువు మొదలైంది. ఆట చదువుకు మెట్టు అయితే కావచ్చును. కాకపోయినా ఆట ఆటగానే పిల్లవాని హక్కు.

"చాయ్ పీతే క్యా?" అనే మాట సంగతి కూడా తేలింది. ఇంటికి చుట్టాలు వస్తే అమ్మ అడిగే మాట అది. ఆ తరువాత చాయ్, బిస్కెట్, నవ్వులు వస్తాయి. నాతో స్నేహం కావాలంటే వాడు ఆ మాట అంటున్నాడు! విన్న వాక్యమును ఉన్నదున్నట్లు తిరిగి పలుకుట ఆటిజం పిల్లల్లో చాలామందికి ఉంటుంది. అది ఎగతాళి కాదు, అది వాళ్ళు మాట్లాడే పద్ధతి. నేను రెండేండ్ల ముందు "హాఁ, పీతా హూఁ" అని జవాబిచ్చి ఉంటే సరిపోయేది.

భాష గురించి ఒక ముఖ్య విషయము. ఆ అమ్మకు ఎవరో "ఇంట్లో రెండు మూడు భాషలు మాట్లాడితే పిల్లవానికి మాటలు రావు, ఒకటే భాష మాట్లాడండి" అని చెప్పినారట. బడిలోనూ బజారులోనూ పనికివస్తుందని తెలుగును పట్టుకొన్నారు. ఆమెకు తెలుగు అంతగా రాదు. అందుచేత పిల్లవానితో మాట్లాడుటే తగ్గించింది. ఇల్లు మూగబోయింది. ఇది సరియైన సలహా కాదు. రెండు భాషల ఇండ్లలో పెరుగుట వలన ఆటిజం పిల్లల మాటకు నష్టము లేదని ఇప్పటి పరిశోధనలు చెప్పుచున్నవి. లాలి పాడే భాష, తిట్టే భాష, ముద్దు చేసే భాష ఏదో ఆ భాషలోనే అమ్మ మాట్లాడాలి. ఉర్దూ పంతులుగా నేను ఈ మాట గట్టిగా చెప్పుతాను.

ఇక మన బొగ్గు బాయి ఊరి ఇబ్బందులు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆటిజం లక్షణములలో ధ్వని, వెలుతురు, స్పర్శల పట్ల అతి సున్నితత్వమును కూడా చేర్చింది. ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ అయితే మన కిటికీలు గలగలమంటాయి. మనకు అలవాటైంది. ఆ పిల్లవానికి అది చెవిలో సుత్తి దెబ్బ. మేము ఏం చేసినామంటే బ్లాస్టింగు వేళ, గంట వేళ ముందుగా వానికి సైగ చేసి చెప్పుచున్నాము. చెవులకు మఫ్లర్ కట్టుకొంటాడు. కొన్నాళ్ళకు గంట తానే కొడతానన్నాడు. తాను కొట్టే గంటకు వాడు భయపడలేదు.

రెండవది షిఫ్టులు. నాయన ఒక వారం ఫస్టు షిఫ్టు, ఒక వారం సెకండు, ఒక వారం నైట్ షిఫ్టు. వారం మారగానే ఇంట్లో అన్నం వేళ మారుతుంది, నిద్ర వేళ మారుతుంది. పగలు నాయన పడుకొంటే పిల్లలు చప్పుడు చేయరాదు. ప్రతి సోమవారము పిల్లవాడు ఎందుకు రభస చేస్తున్నాడో మాకు తెలిసేది కాదు. అదే కారణము. వాని అమ్మ మూడు అట్టముక్కలు చేసింది. సూర్యుడు ఫస్టు షిఫ్టు, సాయంత్రపు దీపము సెకండు షిఫ్టు, చంద్రుడు నైట్ షిఫ్టు. ఆదివారము రాత్రి కొత్త అట్ట గోడకు తగిలిస్తుంది. రభస పూర్తిగా పోలేదు గాని చాలా తగ్గింది. దీనికి ఖర్చు ఎంత? ఒక చెప్పుల డబ్బా!

పెద్దలారా, ఇక్కడ మీరు గమనించండి. మేము మార్చింది పిల్లవానిని కాదు. గంటను మార్చినాము, గోడను మార్చినాము, మా తీరును మార్చుకొన్నాము. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే వ్యక్తి, స్వయంగా ఆటిజం గలవారు, కెనడాలోని టొరంటో సభలో తల్లిదండ్రుల ముందు నిలబడి మా కోసము శోకించవద్దని చెప్పినారు. మీరు ఏడ్చేది కలగన్న బిడ్డ కోసము, మీ ఎదుట ఉన్న బిడ్డ కోసము కాదన్నది ఆ ప్రసంగ సారాంశము. 1990ల చివర అటువంటి వారి చర్చలలో నుండి న్యూరోడైవర్సిటీ అనే మాట వచ్చింది. అంటే మనుషుల మెదళ్ళు ఒకే అచ్చులో పోసినవి కావు, ఆ తేడాను గౌరవించుమని. 2012లో ఇంగ్లండులో డామియన్ మిల్టన్ అనే విద్వాంసుడు, ఆయనకూ ఆటిజం ఉన్నది, ఇంకొక మాట చెప్పినాడు. వాళ్ళు మనలను అర్థం చేసుకోరని మనమంటున్నాము, మనము మాత్రము వాళ్ళను అర్థం చేసుకొంటున్నామా? లోపము రెండు దిక్కులా ఉన్నదన్నాడు. నా అల్మారా తాళము గుర్తుకు వచ్చి నేను తల దించుకొన్నాను.

బాయి సంగతి మీకు నాకన్న బాగా తెలుసు. టింబర్‌మన్ వేరు, ట్రామర్ వేరు, హాలర్ డ్రైవర్ వేరు. ట్రామర్ పని చేయలేడని టింబర్‌మన్‌ను ఎవరూ పనికిరానివాడనరు. అయితే జాగ్రత్త! ఆటిజం పిల్లలందరూ లెక్కలలో మేధావులు అని సినిమాల్లో చూపుతారు. అది నమ్మకండి. కొందరికి ఏదో ఒక దానిలో నేర్పు ఉంటుంది, చాలామంది మామూలు పిల్లలే. కొందరికి జీవితాంతము తోడు కావాలి. విద్య ఉంటేనే వాని గౌరవము అనుకొంటే అది మళ్ళీ బేరమే అవుతుంది. మా పిల్లవాడు ఇప్పుడు అయిదవ తరగతి. మాటలు కొద్ది. పటములు చూపి తన అవసరము చెప్పుతాడు. కొన్ని రోజులు మంచివి, కొన్ని రోజులు కష్టము. కాని వాని వరుసలో మూతలు పెట్టడానికి ఇప్పుడు ముగ్గురు దోస్తులు వంతు కోసం కొట్లాడుతున్నారు.

చట్టము మన ప్రక్కనే ఉన్నది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం పేరు లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టములో వచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములలో దీనిని చేర్చింది, అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారము 40 శాతము, ఆ పైన వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు దగ్గరి బడిలోనో, కోరుకొన్న ప్రత్యేక బడిలోనో ఉచిత విద్య హక్కు. వైకల్యము పేరు చెప్పి చేర్చుకోమనుటకు వీలులేదు. నేను ఆ తండ్రికి చెప్పిన మాట ఈనాడు చట్టవిరుద్ధమే. 2021లో సుప్రీం కోర్టు ప్రాథమిక స్థాయిలో ఇటువంటి 10 మంది పిల్లలకు, పై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని చెప్పింది. అందరు పిల్లలు కలిసి చదివే ఈ పద్ధతినే సహిత విద్య అంటున్నారు.

పరీక్ష చేయించుటకు అమెరికా పోనక్కరలేదు. 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వము ఒక జాతీయ సంస్థ పెట్టింది. దాని ఇప్పటి పేరు నీపిడ్. మన దేశపు పిల్లలకు సరిపోయేటట్లు 40 ప్రశ్నల ఆటిజం కొలమానమును 2009లో తయారు చేసి ఇచ్చింది ఆ సంస్థయే. సర్టిఫికెటుకు దేశమంతా దానినే వాడుచున్నారు. సర్టిఫికెటు, యూడీఐడీ కార్డు ఉంటే పింఛను, పాసు వంటివాటికి దారి దొరుకుతుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉన్నది. పిల్లవానికి 18 నిండిన తరువాత సంరక్షకుని నియమించుటకు కలెక్టరు గారి అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. "మా తరువాత వీని గతేంది" అని రాత్రులు నిద్రపోని తల్లిదండ్రులు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

చివరగా మన సొసైటీకి మూడు విన్నపములు. మొదటిది, కాగితముల పని తెలిసిన ఇద్దరు యువకులను నియమించండి. డ్యూటీ వదిలి, మస్టర్ పోగొట్టుకొని తండ్రి ఆఫీసుల చుట్టూ తిరగలేడు. శిబిరమునకు, భవిత కేంద్రమునకు వీరు తోడు పోవాలి. రెండవది, మనము నడిపే ట్యూషను గదిలో ఒక మూల చాప పరచి ఆ పిల్లలకు ఇవ్వండి. ఎవరైనా ఒకరు వారానికి ఒక గంట వాళ్ళతో కింద కూర్చోండి. నేర్పనక్కరలేదు, ఆడండి. మూడవది, వచ్చే సంవత్సరము ఈ సభకు లౌడ్‌స్పీకరు చప్పుడు తగ్గించి, ప్రక్కన ఒక నిశ్శబ్దపు గది ఉంచి, ఆ కుటుంబములను పేరుపేరునా పిలవండి. పిల్లవాడు అటు ఇటు ఉరికితే ఉరకనివ్వండి. మసీదు సఫ్‌లో అటువంటి పిల్లవాడు పక్కన నిలబడితే చూపులతో తండ్రిని వెనుకకు పంపించకండి.

ఆ తండ్రి నన్నడిగిన ప్రశ్నకు ఇన్నేండ్లకు జవాబు చెప్పుచున్నాను. భాయి, వాడు ఏడికీ పోనక్కరలేదు. మా దగ్గరనే ఉంటాడు. మీరందరు కూడా ఈ జవాబులో నాతో గొంతు కలుపుతారని ఆశిస్తున్నాను.